సొంతంగా కట్టుకున్న బ్యాటరీని సోలార్ ఇన్వర్టర్‌తో మాట్లాడించడం: ఏ దారి ఎవరికి తగినది

సెల్స్ సమకూర్చుకుని, వాటిని కలిపే లోహపు పట్టీలు, అంటే బస్‌బార్లు బిగించి, సెల్స్‌ను కనిపెట్టి కాపాడే బీఎంఎస్ అనే సర్క్యూట్ అమర్చి సొంతంగా లిథియం బ్యాటరీ కట్టుకున్న వారికి పని దాదాపు పూర్తయిందనిపించే దశలోనే అసలు ప్రశ్న ఎదురవుతుంది. బీఎంఎస్‌ను ఇన్వర్టర్‌తో డేటా కేబుల్ ద్వారా కలపాలా, లేక పాజిటివ్, నెగటివ్ తీగలు మాత్రమే కలిపి ఎవరి పని వారిని చేసుకోనివ్వాలా అన్నదే ఆ ప్రశ్న. కలపాలనుకుంటే క్యాన్, ఆర్‌ఎస్ 485 అనే రెండు డేటా పద్ధతులు, రిలే అనే విద్యుత్ స్విచ్చు, మధ్యలో ఒక చిన్న కంప్యూటర్ అంటూ పలు దారులు కనిపిస్తాయి. ఈ వ్యాసంలో ఉదాహరణలన్నీ 16 లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్స్ వరుసగా కలిపిన 51.2 వోల్టుల బ్యాటరీకి, 48 వోల్టుల తరగతి ఇన్వర్టర్‌కు వర్తిస్తాయి. కొన్ని వందల వోల్టుల బ్యాటరీతో నడిచే ఇన్వర్టర్లను ఇంట్లో కట్టిన బ్యాటరీతో కలపవద్దని నా ఖచ్చితమైన అభిప్రాయం, కాబట్టి వాటి ప్రస్తావన ఇక్కడ ఉండదు.

చూసే కన్ను ఒకరిది, తిప్పే చెయ్యి మరొకరిది

బీఎంఎస్ ప్రతి సెల్ వోల్టేజిని విడివిడిగా చూడగలదు, కానీ దాని చేతిలో ఉన్నది తెంచడమో కలపడమో మాత్రమే చేయగల స్విచ్చు. ఇన్వర్టర్ కరెంటును కుళాయిలా కొద్దికొద్దిగా తగ్గించగలదు, కానీ దానికి కనిపించేది బ్యాటరీ మొత్తం వోల్టేజి ఒక్కటే. ఈ తేడా ఎంత దూరం తీసుకుపోతుందో ఒక లెక్కతో తెలుస్తుంది. పదిహేను సెల్స్ 3.40 వోల్టుల దగ్గర ఉండి, ఒక్క సెల్ మాత్రం 3.65 వోల్టులకు చేరిందనుకుందాం. మొత్తం 54.65 వోల్టులు అవుతుంది. ఛార్జింగ్ లక్ష్యం 56 వోల్టులుగా పెట్టిన ఇన్వర్టర్ ఇంకా నిండలేదనుకుని పూర్తి కరెంటును తోస్తూనే ఉంటుంది. అదే సమయంలో ఆ ఒక్క సెల్‌ను కాపాడేందుకు బీఎంఎస్ మొత్తం బ్యాటరీని తెంచేస్తుంది.

అలా తెంచడం వల్ల సెల్‌కు మేలే జరుగుతుంది, కానీ ఇన్వర్టర్‌కు అది మంచిది కాదు. సోలార్ నుంచి 80 ఆంపియర్లు వస్తుండగా ఆ కరెంటుకు పోవడానికి చోటు హఠాత్తుగా మాయమైతే, ఛార్జర్ తనను తాను తగ్గించుకునేలోపు ఇన్వర్టర్ లోపలి కెపాసిటర్ల మీద వోల్టేజి ఒక్కసారిగా ఎగబాకుతుంది. కొన్ని ఇన్వర్టర్లు అధిక వోల్టేజి లోపం చూపి ఆగిపోతాయి, కొన్నింటి భాగాలు దెబ్బతింటాయి, గ్రిడ్ లేని ఇల్లయితే చీకటవుతుంది. డేటా కేబుల్ చేసే పని ఈ పరిస్థితి రాకుండా ముందే కుళాయి తిప్పమని చెప్పడమే. కేబుల్ ఉన్నా లేకపోయినా ఆఖరి రక్షణ బీఎంఎస్ తెంపే స్విచ్చుది, దానికి పైన ఫ్యూజుది. కేబుల్ పెట్టాం కదా అని బీఎంఎస్ హద్దులను సడలించేవారిని చూశాను. అది పొరపాటు.

మొదటి దారి: డేటా కేబుల్ లేకుండా, వోల్టేజి ఆధారంగా

దీన్నే ఓపెన్ లూప్ అంటారు. ఇన్వర్టర్ మెనూలో బ్యాటరీ రకాన్ని యూజర్ డిఫైన్డ్‌గా ఎంచుకుని వోల్టేజీలను మనమే నింపుతాం. పదహారు సెల్స్‌కు ఛార్జింగ్ లక్ష్యం 55.2 వోల్టులు, అంటే సెల్‌కు 3.45, నిండాక నిలిపి ఉంచే వోల్టేజి, అంటే ఫ్లోట్, 53.6 వోల్టులు, అంటే సెల్‌కు 3.35, డిశ్చార్జ్ ఆపే హద్దు 48 వోల్టులు, అంటే సెల్‌కు 3.0. ఇవి మొదలుపెట్టడానికి నిదానమైన విలువలు. సెల్ తయారీదారులు 3.65 వోల్టుల వరకు అనుమతిస్తారు నిజమే, కానీ 3.45 దాటాక దక్కే అదనపు ఛార్జి అతి స్వల్పం, సెల్స్ మధ్య తేడాలు బయటపడి తెంపుడు జరిగేదీ అక్కడే. అప్పుడప్పుడు వోల్టేజి పెంచి సెల్స్‌ను సమం చేసే ఈక్వలైజేషన్ తప్పనిసరిగా ఆపాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీల కోసం ఉన్న ఉష్ణోగ్రత సవరణ కూడా ఆపాలి, లేకపోతే చలి రోజుల్లో ఇన్వర్టర్ తనంతట తానే లక్ష్య వోల్టేజిని పెంచుకుంటుంది.

ఈ దారిని చులకనగా చూడటం అలవాటైంది, కానీ దీనికి ఉన్న గుణం చిన్నది కాదు. పాడవడానికి డేటా కేబుల్ లేదు, అర్థం కాకపోవడానికి ప్రోటోకాల్, అంటే పరికరాలు మాట్లాడుకునే భాష, లేదు, ఎంత పాత ఇన్వర్టర్ అయినా చాలు. 280 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి 56 ఆంపియర్లు, అంటే సామర్థ్యంలో ఐదో వంతు, మించని ఛార్జింగ్ కరెంటు ఉండి, సెల్స్ ఒకదానితో ఒకటి బాగా సరిపోలినవైతే, ఓపెన్ లూప్‌లో బీఎంఎస్ తెంపే సందర్భం చాలా అరుదుగా వస్తుంది.

దీని అసలు లోపం శాతం విషయంలో ఉంది. ఈ రకం సెల్స్ వోల్టేజి గీత మధ్యలో దాదాపు సమతలంగా ఉంటుంది. ముప్పై శాతానికీ డెబ్బై శాతానికీ మధ్య ఒక్కో సెల్‌లో తేడా కొన్ని పదుల మిల్లీవోల్టులు మాత్రమే, మోటారు ఒకటి ఆన్ అయితే తీగల్లో పడిపోయే వోల్టేజి కింద ఆ తేడా కాస్తా మరుగున పడుతుంది. కాబట్టి ఓపెన్ లూప్‌లో ఇన్వర్టర్ చూపే ఛార్జి శాతం ఊహే. ఇరవై శాతానికి రాగానే గ్రిడ్‌కు మారాలి, ఎనభై శాతం దాటాక గీజర్ ఆన్ కావాలి వంటి నియమాలు పెట్టుకునేవారికి ఇది పనికిరాదు. రెండో లోపం చలి ప్రదేశాల వారికి వర్తిస్తుంది. సున్నా డిగ్రీల కింద ఈ సెల్స్‌ను ఛార్జి చేస్తే లోపల లోహ లిథియం పేరుకుని సెల్ శాశ్వతంగా దెబ్బతింటుంది. ఆ సంగతి బీఎంఎస్‌కు తెలుస్తుంది, ఇన్వర్టర్‌కు తెలియదు, కనుక మళ్లీ తెంపుడే గతి.

రెండో దారి: క్యాన్

కార్ల కోసం బాష్ సంస్థ రూపొందించి 1986లో ప్రకటించిన క్యాన్ బస్, నేడు ఇంటి బ్యాటరీలకు అలవాటైన భాష అయింది. ఇందులో బ్యాటరీ తయారీ సంస్థ పైలాన్‌టెక్ వారి ప్రోటోకాల్ అన్నది అనధికార ప్రమాణంలా స్థిరపడింది. సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో, సెకనుకొకసారి చొప్పున బీఎంఎస్ కొన్ని సందేశాలు పంపుతుంది. 351 అనే సందేశంలో ఎంత వోల్టేజి వరకు ఛార్జి చేయవచ్చు, ఎన్ని ఆంపియర్లు లోపలికి, ఎన్ని బయటికి అన్న హద్దులు ఉంటాయి. 355లో ఛార్జి శాతం, బ్యాటరీ ఆరోగ్యం, 356లో వోల్టేజి, కరెంటు, ఉష్ణోగ్రత, 359లో హెచ్చరికలు ఉంటాయి. 35సీలో ఛార్జింగ్, డిశ్చార్జ్ అనుమతులు వస్తాయి, 35ఈలో తయారీదారు పేరు వస్తుంది. ఇన్వర్టర్ తాను వింటున్నానని 305 అనే సందేశంతో బదులిస్తుంది. మొత్తం సంభాషణ ఇంతే. 351 ఒక్కటి సరిగా నడిస్తే సగం పని అయినట్టే.

ఇక్కడ సొంత బ్యాటరీ వారు తరచూ పడే గుంట ఒకటుంది. మన బీఎంఎస్ పైలాన్‌టెక్ ప్రోటోకాల్‌లో మాట్లాడుతున్నప్పుడు 35ఈలో ఆ కంపెనీ పేరునే చెబుతుంది, అంటే వేషం వేసుకుంటుంది. ఆ కంపెనీ 48 వోల్టుల శ్రేణి బ్యాటరీలలో పదిహేను సెల్సే ఉంటాయి, మన దానిలో పదహారు. బీఎంఎస్ పంపే వోల్టేజి హద్దును ఉన్నదున్నట్టు గౌరవించే ఇన్వర్టర్‌తో సమస్య లేదు. పేరు చూసి తన సొంత విలువను పెట్టుకునే వ్యవస్థతో మాత్రం చిక్కు వస్తుంది. ఇన్వర్టర్లు, ఛార్జర్లు తయారుచేసే విక్ట్రాన్ సంస్థ పరికరాలు ఆ పేరు కనబడితే ఛార్జింగ్ వోల్టేజిని 52.4కు కట్టేస్తాయి. పదహారు సెల్స్‌కు అది సెల్‌కు 3.275 వోల్టులు మాత్రమే. ఆ స్థాయిలో బ్యాటరీ ఎప్పటికీ పూర్తిగా నిండదు, సెల్స్‌ను సమం చేసే బ్యాలెన్సర్ పనిచేసే ఎత్తుకు సెల్స్ చేరవు, బీఎంఎస్ శాతం లెక్క వంద దగ్గర సరిచేసుకునే అవకాశమూ రాదు. నెలల తరబడి అంతా బాగానే ఉన్నట్టు కనిపించి, ఒకనాడు నలభై శాతం చూపిస్తూనే బ్యాటరీ ఆగిపోతుంది. బీఎంఎస్‌లో తయారీదారు పేరు మార్చే వీలు ఉందా, విక్ట్రాన్ ప్రోటోకాల్ విడిగా ఉందా అన్నది కొనేముందే చూసుకోవాలి.

క్యాన్ ఉందా లేదా అన్నదానికన్నా ముఖ్యమైన ప్రశ్న మరొకటి ఉంది: బీఎంఎస్ తన కరెంటు హద్దును పరిస్థితిని బట్టి మారుస్తుందా? మంచి బీఎంఎస్, అత్యధిక సెల్ 3.45 వోల్టులు దాటిన దగ్గర నుంచి అనుమతించే కరెంటును 100, 60, 30, 10 ఆంపియర్లు అంటూ మెట్లు మెట్లుగా దించుతుంది. సాధారణమైనది సెట్టింగులలో మనం రాసిన 100నే చివరి క్షణం దాకా పంపి, తెంపడానికి ముందు సున్నా అంటుంది. రెండో రకం క్యాన్ వల్ల నిజమైన శాతం, చలిలో ఛార్జింగ్ ఆపమనే మాట దక్కుతాయి కానీ, పైన చెప్పిన 54.65 వోల్టుల కథ మారదు. అమ్మకం పేజీలో క్యాన్ సౌకర్యం ఉంది అన్న ఒక్క ముక్క ఈ తేడాను చెప్పదు. ఒకసారి బ్యాటరీ నిండే వేళ పక్కన కూర్చుని, బీఎంఎస్ యాప్‌లో అత్యధిక సెల్ వోల్టేజినీ, ఇన్వర్టర్ తెరపై ఛార్జి హద్దునూ కలిపి చూస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

కేబుల్ సంగతి. రెండు వైపులా ఆర్‌జే 45 సాకెట్ ఉంది కనుక మామూలు నెట్‌వర్క్ కేబుల్ చాలనుకోవడం అతి సాధారణమైన తప్పు. క్యాన్‌కు హెచ్, ఎల్ అని రెండు తీగలు. పైలాన్‌టెక్ అమరికలో క్యాన్ హెచ్ నాలుగో పిన్ను, క్యాన్ ఎల్ ఐదో పిన్ను. విక్ట్రాన్‌లో అవి ఏడు, ఎనిమిది. రెండింటి మధ్య ప్రత్యేక కేబుల్ కొనాలి లేదా ఒక చివర తిరిగి క్రింప్ చేసుకోవాలి, ఆ రెండు తీగలు ఒకే మెలిక జత నుంచి రావాలి. బస్ రెండు చివర్లలో 120 ఓముల నిరోధం ఉండాలి. పరికరాలు రెండూ ఆపి, కేబుల్ తగిలించి ఉంచి, ఆ రెండు తీగల మధ్య మల్టీమీటర్‌తో కొలిస్తే 60 ఓములు కనిపించాలి. 120 వస్తే ఒక చివర నిరోధం లేదని, 40 వస్తే ఎక్కడో మూడోది చేరిందని అర్థం.

మూడో దారి: ఆర్‌ఎస్ 485

ఇది 1983 నాటి ప్రమాణం, ఇప్పటికీ దృఢమైనది, కేబుల్ పొడవు విషయంలో క్యాన్ కంటే ఉదారమైనది. కానీ ఆర్‌ఎస్ 485 అంటే తీగ మీద వోల్టేజి ఎలా ఉండాలో చెప్పే నియమం మాత్రమే, దాని మీద ఏ భాష మాట్లాడాలో అది చెప్పదు. ఒక ఇన్వర్టర్ మోడ్‌బస్ ఆశిస్తుంది, ఇంకొకటి పైలాన్‌టెక్ వారి ఆస్కీ సందేశాలు ఆశిస్తుంది, మరొకటి తన సొంత ప్రోటోకాల్ ఆశిస్తుంది. వేగం 9600 కావచ్చు, 1,15,200 కావచ్చు. ఇన్వర్టర్ అడిగితేనే బీఎంఎస్ బదులిస్తుంది కనుక చిరునామా సంఖ్య తప్పితే నిశ్శబ్దమే. పైగా ఏ, బీ అనే తీగల పేర్లను తయారీదారులు ఒకరికొకరు తలకిందులుగా వాడతారు. నా మొదటి బ్యాటరీతో రెండు సాయంత్రాలు సెట్టింగులన్నీ మార్చి చూసి, చివరికి ఆ రెండు తీగలు అటూ ఇటూ మార్చితే పని జరిగింది. అప్పటి నుంచి మొదట మార్చి చూసేది ఆ రెండు తీగలనే.

చాలా బీఎంఎస్‌లపై ఆర్‌ఎస్ 485 సాకెట్లు రెండు రకాలు ఉంటాయి, ఇన్వర్టర్ కోసం ఒకటి, పక్క బ్యాటరీలతో కలపడానికి ఒకటి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి, పనులు వేరు.

ఇన్వర్టర్‌లో రెండూ ఉంటే క్యాన్‌ను ఎంచుకోండి. వోల్ట్రానిక్ తయారీ యాక్స్‌పర్ట్ కుటుంబానికి చెందిన అనేక ఇన్వర్టర్లలో లిథియం సంభాషణకు ఆర్‌ఎస్ 485 దారినే పెట్టారు. అలాంటి చోట వెనకాడనక్కరలేదు, ఆ ఇన్వర్టర్ అడిగే ప్రోటోకాల్ పేరు బీఎంఎస్ జాబితాలో అచ్చంగా ఉందో లేదో ముందే చూసుకుంటే చాలు.

రిలే దారి గురించి చెప్పాల్సింది తక్కువ. కొన్ని బీఎంఎస్‌లకు డ్రై కాంటాక్టు, అంటే తనదైన వోల్టేజి లేని ఉత్త స్విచ్చు, ఉంటుంది, సెల్ హద్దుకు చేరువవగానే అది మూసుకుంటుంది, దాన్ని విడి సోలార్ ఛార్జ్ కంట్రోలర్ రిమోట్ ఆన్, ఆఫ్ టెర్మినల్‌కు కలిపితే ఛార్జింగ్ మర్యాదగా ఆగుతుంది. శాతం తెలియదు, మెట్లు ఉండవు. డేటా పోర్టు లేని పాత కంట్రోలర్ ఉన్నవారికి ఓపెన్ లూప్‌కు తోడుగా ఇది చాలా మంచి చేర్పు.

నాలుగో దారి: మధ్యలో దుబాసీ

బీఎంఎస్‌లో క్యాన్ లేదు, యూఆర్ట్ అనే సీరియల్ పోర్టు లేదా బ్లూటూత్ మాత్రమే ఉంది, ఇన్వర్టర్ క్యాన్ తప్ప వినదు అన్నప్పుడు ఈఎస్‌పీ 32 బోర్డో, రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరో మధ్యలో పెట్టి అనువదించవచ్చు. ఈఎస్‌పీహోమ్ మీద ఆధారపడిన స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్లు, విక్ట్రాన్ వీనస్ ఓఎస్ మీద నడిచే డీబస్ సీరియల్ బ్యాటరీ అనే డ్రైవర్ ఈ పనికి ప్రసిద్ధమైనవి. బీఎంఎస్ చేయలేని మెట్ల తగ్గింపును ఈ దుబాసీ తానే లెక్కించి పంపగలగడం దీని గొప్పదనం. సాధారణ బీఎంఎస్ అధికారిక క్యాన్ కంటే, బాగా అమర్చిన దుబాసీయే మేలైన ఛార్జింగ్ ఇస్తుందని చెప్పడానికి నాకు సందేహం లేదు.

అయితే ఇల్లంతటి కరెంటు ఇప్పుడు ఒక చిన్న బోర్డు ఆరోగ్యం మీద ఆధారపడుతుంది. మెమరీ కార్డు పాడైతే ఏమవుతుంది, బోర్డు స్తంభించి పాత విలువలనే పంపుతూ పోతే ఏమవుతుంది? బీఎంఎస్ నుంచి కొత్త సమాచారం రాకపోతే కొన్ని సెకన్లలో సందేశాలు పంపడం ఆపేసేలా దాన్ని రాసి ఉండాలి. బ్లూటూత్‌ను చూసుకోవడానికి వాడండి, నియంత్రణకు తీగనే వాడండి. ఇంట్లో ఆ బోర్డును బాగుచేయగలిగినది మీరొక్కరే అయితే, మీరు ఊళ్లో లేని రోజును కూడా లెక్కలోకి తీసుకోండి.

గ్రౌండ్ తీగ దగ్గర ఆగి ఆలోచించాలి

ఏ దారైనా పోర్టులు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. సొంత బ్యాటరీలకు వాడే, మాస్‌ఫెట్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్చులతో తెంచే బీఎంఎస్‌లలో అత్యధికం నెగటివ్ వైపున తెంచేవి. సెల్స్ నెగటివ్‌ను బీ మైనస్ అనీ, బీఎంఎస్ దాటి ఇన్వర్టర్‌కు వెళ్లే నెగటివ్‌ను పీ మైనస్ అనీ అంటారు. మామూలు సమయంలో రెండూ ఒకే వోల్టేజి వద్ద ఉంటాయి. లోడు నడుస్తుండగా బీఎంఎస్ తెంచినప్పుడు ఇన్వర్టర్ నెగటివ్ పైకి లేచి, ఆ రెండింటి మధ్య దాదాపు మొత్తం బ్యాటరీ వోల్టేజి నిలుస్తుంది. బీఎంఎస్ డేటా పోర్టు గ్రౌండ్ బీ మైనస్‌కు, అవతలి పరికరం గ్రౌండ్ పీ మైనస్‌కు నేరుగా కలిసి ఉంటే, తెగిన దారిని ఆ సన్నని డేటా తీగ పూరించబోతుంది. అలా ఒక పోర్టో, రెండు పోర్టులో పోతాయి. తెంపుడు జరిగేదాకా అంతా సవ్యంగా నడుస్తుంది కనుక ఈ తప్పు నెలల తరబడి దాగి ఉంటుంది.

కాబట్టి మీ బీఎంఎస్ క్యాన్ లేదా ఆర్‌ఎస్ 485 పోర్టు ఐసొలేటెడ్, అంటే మిగతా సర్క్యూట్‌తో నేరుగా విద్యుత్ కలయిక లేనిది, అని తయారీదారు స్పష్టంగా చెప్పాలి. చెప్పకపోతే ఐసొలేటెడ్ కన్వర్టర్‌ను మధ్యలో పెట్టాలి. దుబాసీ బోర్డుకు విద్యుత్తు పీ మైనస్ వైపు నుంచి ఇచ్చి, యూఆర్ట్ తీగను నేరుగా బీఎంఎస్‌కు కలపడం ఈ ప్రమాదానికి అచ్చమైన ఉదాహరణ.

కేబుల్ మూగబోయిన రోజున

ఇన్వర్టర్లన్నీ ఒకేలా స్పందించవు. కొన్ని చివరి హద్దులతోనే కొనసాగుతాయి, కొన్ని వోల్టేజి సెట్టింగులకు దిగుతాయి, కొన్ని పూర్తిగా ఆగిపోతాయి. డెయ్ ఇన్వర్టర్లలో బీఎంఎస్ సంభాషణ తెగితే ఆగాలా వద్దా అన్నది మనమే ఎంచుకునే సెట్టింగ్ ఉంది. గ్రిడ్ ఉన్న ఇల్లయితే ఆగడమే మంచిది, ఇల్లు ఎలాగూ చీకటి కాదు, లోపం అదే రోజు మీ దృష్టికి వస్తుంది. గ్రిడ్ లేని చోట వోల్టేజి సెట్టింగులకు దిగి నడిచేదే నయం. ఈ కారణంగానే క్లోజ్డ్ లూప్, అంటే బీఎంఎస్ డేటా ప్రకారం ఇన్వర్టర్ నడిచే దారి, ఎంచుకున్నవారు కూడా ఓపెన్ లూప్ విలువలను ముందుగా సరిగా నింపి పెట్టాలి.

రెండు మూడు బ్యాటరీలను సమాంతరంగా కలిపేవారికి మరో మాట. ఒకే తయారీ బీఎంఎస్‌లైతే వాటిపై ఉండే డిప్ స్విచ్చులు అనే చిన్న మీటలతో చిరునామాలు ఇచ్చి ఒకదానికొకటి కలిపితే, మొదటిది అన్నింటి లెక్క కూడి ఇన్వర్టర్‌కు చెబుతుంది. వేర్వేరు తయారీలు ఇలా కలవవు. ఒకదాని కేబుల్ మాత్రమే ఇన్వర్టర్‌కు తగిలించి సరిపెట్టుకుంటే, ఇన్వర్టర్‌కు సగం బ్యాటరీ సంగతే తెలుస్తుంది. ఆ సగం నిండగానే రెండోదాని సంగతి పట్టకుండా ఛార్జింగ్ ఆగుతుంది. అలాంటి కలగాపులగానికి ఓపెన్ లూప్ గానీ, అన్నింటినీ చదివి కూడే దుబాసీ గానీ తగినవి.

ఇక ఎంపిక. ఇంకా ఏమీ కొనని వారు ఇన్వర్టర్‌ను ముందు నిర్ణయించుకుని, దాని ప్రోటోకాల్ జాబితాలో ఉన్న, ఐసొలేటెడ్ క్యాన్ ఉన్న, కరెంటు హద్దును మెట్లుగా తగ్గించే బీఎంఎస్‌ను కొనాలి. ఆ ధర తేడా తర్వాత కొనే కన్వర్టర్లకూ పోయే సాయంత్రాలకూ సమానం. పాత ఇన్వర్టర్ ఉండి, పెద్ద బ్యాటరీ, చిన్న కరెంటు ఉన్నవారు ఓపెన్ లూప్‌తో నిశ్చింతగా ఉండవచ్చు. శాతం కావాలనిపిస్తే షంట్‌తో, అంటే కరెంటును కొలిచే చిన్న నిరోధంతో, పనిచేసే విడి మీటరు పెట్టుకోవచ్చు. చిన్న బ్యాటరీని వేగంగా ఛార్జి చేసేవారికీ, పాత సెల్స్ వాడేవారికీ, గడ్డకట్టే చలి ఉన్నచోటి వారికీ క్లోజ్డ్ లూప్ తప్పనిసరి అంటాను. దుబాసీ దారి సాఫ్ట్‌వేర్‌తో కుస్తీ పట్టడం ఇష్టమైన వారిది.

ఏది ఎంచుకున్నా మొదటి వారం ఓపెన్ లూప్‌లోనే నడిపి, సెల్స్ పైస్థాయిలో కలిసి నిండుతున్నాయో లేదో చూడండి. తర్వాత డేటా కేబుల్ తగిలించి, ఇన్వర్టర్ తెరపై కనిపించే వోల్టేజి, శాతం, కరెంటు హద్దులు బీఎంఎస్ యాప్‌లోని విలువలతో సరిపోలుతున్నాయో పోల్చండి. చివరగా ఛార్జింగ్ కరెంటును ఐదారు ఆంపియర్లకు తగ్గించి, నడుస్తుండగా ఆ కేబుల్‌ను పీకి, ఇన్వర్టర్ ఎన్ని సెకన్లకు గుర్తించింది, గుర్తించాక ఏం చేసింది అన్నది రాసి బ్యాటరీ పెట్టె మీద అంటించండి.